లోతు చాలని గిన్నె

“శుక్రవారానికి గిన్నె తయారవ్వాల అప్పలస్వామీ. అదీ నా సేత్తోనే” అన్నాడు పూర్ణచంద్ర.

అప్పలస్వామి నవ్వు ఆపుకున్నాడు. గోసాని నువాగాంలో మూడంతస్తుల బట్టల దుకాణం ఉన్న షావుకారు, అంకులి పేట సందులో తన రేకుల షెడ్డు వెతుక్కుంటూ వచ్చాడు. లేతు మిషను మీద చెక్క గిన్నె తిప్పడం నేర్పమంటున్నాడు. ఉన్నవాళ్ళకి పొద్దుపోకపోతే ఇలాంటి సరదాలే పుడతాయి మరి.

“సుక్కురారమే ఎందుకు బాబూ?”

“అమ్మవారి గుడిలో, పదిమంది ముందూ పెడతాను. గురువుగా నువ్వూ రావాల.”

గురువు! నలభై ఏళ్ళుగా మంచం కోళ్ళూ అప్పడాల కర్రలూ తిప్పుతున్న మనిషిని ఆ మాట ఎవరూ అనలేదు. సాయంత్రానికల్లా టీ కొట్టు నుంచి మంగలి షాపు దాకా అందరికీ చెప్పేశాడు. “సుక్కురారం గుడికి రండి, నా పనితనం సూద్దురు గాని” అని నోరు కూడా జారాడు. ఇక గిన్నె బాగా రాకపోతే అంకులిలో తలెత్తుకోలేడు.

అంకుడు కర్ర మొద్దు లేతుకి బిగించాడు. కొత్త చేతికి ఉలి ఎగిరిపడాలి, చెక్క పెచ్చులు లేవాలి. అదేం చిత్రమో, షావుకారు విషయంలో అలాంటిదేమీ జరగలేదు. రెండు రోజుల్లో గిన్నె బయటి వైపు నున్నగా, ఒంపుగా తేలింది. అడుగు పీట కూడా చక్కగా కుదిరింది.

“మీ సేతిలో పనుంది బాబూ! ఇంక లోపల తొలిచెయ్యడమే.”

“ఎంత లోతు తియ్యాల?”

“సిటికిన వేలు మునిగేంత.”

“అంత లోతు లేకపోతే గిన్నె అనరా?”

“అసలు గుంటే లేకపోతే పీటంటారు బాబూ.”

“కొంచెం గుంటుంటే?”

“అప్పుడు గిన్నే అనాల మరి.”

పూర్ణచంద్ర తృప్తిగా తలూపాడు. ఇంత పెద్ద షావుకారికి గిన్నె అంటే ఏమిటో తను చెప్పాల్సి వచ్చిందని అప్పలస్వామి మురిసిపోయాడు.

ఆ మురిపెం మర్నాటికే దిగిపోయింది. బయట అంత బాగా తిప్పిన చెయ్యి లోపలికొచ్చేసరికి చచ్చుబడింది. ఉలి ఇలా ఆనించడం, అలా తీసెయ్యడం. ఒకసారి ఫోనొచ్చింది. ఒకసారి నడుం పట్టింది. కంట్లో పొట్టు పడిందని పూటంతా బల్ల మీద కూర్చున్నాడు. బుధవారానికి కూడా గోడలు రెండంగుళాల మందాన్నే ఉన్నాయి. మధ్యలో గుంట మాత్రం రూపాయి బిళ్ళంత ఉంది.

రోజూ ఉలి పట్టేముందు ఉంగరం తీసి జేబులో వేసుకునేవాడు షావుకారు. ఆ రోజు తీసి గుంటలో పెట్టాడు.

“సూడండి బాబూ, మీ ఉంగరానికే నిండిపోయింది! ఇదేటి గిన్నె?”

“నిండిపోయిందా?” అంటూ పూర్ణచంద్ర వంగి చూశాడు. ఆ మొహం వెలిగిపోవడం చూసి అప్పలస్వామికి ఒళ్ళు మండింది. సిగ్గుపడాల్సిన చోట సంబరమేమిటి?

ఇంటికెళ్ళి భార్య చిట్టమ్మ దగ్గర వెళ్ళగక్కాడు. ఆవిడే సర్దిచెప్పింది.

“ఆయనకి ఒక్కగానొక్క కొడుకు. మొన్న సలికాలంలో సావు దాకా ఎల్లొచ్చినాడంట. ఆ బెంగకి సెయ్యి ఆడట్లేదు కాబోలు. కసరకు మావా.”

అప్పలస్వామి మనసు కరిగింది. పాపం, కన్నతండ్రి కదా అనుకున్నాడు. గురువారం మధ్యాహ్నం షావుకారు భోజనానికి కారెక్కగానే తనే లేతు తిప్పి, గిన్నెకి ఉలి ఆనించబోయాడు. ఓ అర్ధగంట చాలు, ఇద్దరి పరువూ దక్కుతుంది.

“సెయ్యి తియ్!”

ఉలిక్కిపడి స్విచ్చి కట్టేశాడు. ఫోను మరిచిపోయి వెనక్కొచ్చిన పూర్ణచంద్ర గుమ్మంలో నిలబడ్డాడు. గబగబా వచ్చి గిన్నె ఊడదీయించి, పసిబిడ్డను పొదువుకున్నట్టు గుండెకి హత్తుకున్నాడు.

“ఒక్క పిసరు కూడా తియ్యలేదు కదా? నిజం సెప్పు!”

“లేదు బాబూ. పోనీ, నేను తిప్పిన మంచి గిన్నొకటుంది. అది పట్టుకెల్లండి. మీదేనని సెప్పుకోండి, నేనెవరికీ సెప్పను.”

పూర్ణచంద్ర లెంపలేసుకున్నాడు.

“అమ్మవారి దగ్గర అబద్ధమా? కళ్ళు పోతాయి. ఇది నా సేత్తో సేసింది. ఇదే ఎల్లాల.”

శుక్రవారం గుడి కిటకిటలాడుతోంది. అప్పలస్వామి స్తంభం చాటున నక్కాడు. లాభం లేకపోయింది. పట్టుపంచె కట్టుకున్న పూర్ణచంద్ర అతని చెయ్యి పట్టుకుని ముందుకు లాక్కొచ్చాడు.

“ఈయనే నా గురువు. ఈ గిన్నె ఇలా వచ్చిందంటే అంతా ఈయన సలవే” అని గట్టిగా చెప్పాడు.

జనం గిన్నె వైపు చూశారు. “గిన్నా అది, రోలా?” అన్నారెవరో. టీ కొట్టువాడు కిసుక్కున నవ్వాడు. మంగలి మొహం తిప్పుకున్నాడు. నలభై ఏళ్ళ పనితనం గంగలో కలిసింది. అప్పలస్వామికి ఏడుపు ముంచుకొచ్చింది. తల వంచుకుని, భూమి చీలిపోతే బాగుణ్ణనుకున్నాడు.

పూజారి గిన్నెను అమ్మవారి పాదాల దగ్గర పెట్టించాడు. షావుకారు వేలి ఉంగరం తీసి అందులో పెట్టి, భక్తిగా సాష్టాంగపడ్డాడు.

పూజారి మైకు అందుకున్నాడు: “కొడుకు ప్రాణం దక్కితే సొంత చేత్తో గిన్నె చేసి, దాని నిండా బంగారం సమర్పిస్తానన్న మొక్కును పూర్ణచంద్రగారు ఈ రోజు ఏ లోటూ లేకుండా తీర్చుకున్నారు!”