అన్నయ్యకు హోటల్ గది

అమ్మ శవపేటిక ఇంకా ముందుగదిలో ఉండగానే అన్న అల్రిక్ అన్న మాట హోలిస్ ఈనాటికీ మర్చిపోలేదు.

"పిల్లాజెల్లా లేనివాడివి, నీకింత నేలెందుకురా?"

అని, మర్నాడే ఓడెక్కి పక్క దీవి ట్రినిడాడ్ వెళ్లిపోయాడు. మళ్లీ టొబాగో ముఖం చూడలేదు. గాలివానకు ఇంటి రేకులు లేచిపోయినప్పుడు రాలేదు. కొబ్బరితోటకు తెగులు పట్టినప్పుడు రాలేదు. అన్నగారు పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో ఏసీ గదిలో చల్లగా కూర్చున్నారు. ఇక్కడ సొంతూరు షార్లట్‌విల్‌లో రేకులు వేయించింది హోలిస్. తోటను బతికించింది హోలిస్. పన్ను కట్టింది హోలిస్.

నేల మూడెకరాలు. ఇంకా తాత పేరు మీదే ఉంది. స్కార్బరో పట్నంలో లాయరు విషయం తేల్చి చెప్పాడు.

"పదహారేళ్లు నువ్వొక్కడివే అనుభవిస్తే మొత్తం నీదే. కానీ ఈలోగా మీ అన్న తరఫు మనిషెవరూ ఆ నేల మీద హక్కుగా ఏ పనీ చెయ్యకూడదు. వాళ్లకు వాటా ఉందని నీ ఇంట్లోవాళ్లు నలుగురి ముందు ఒప్పుకోకూడదు."

అన్న వెళ్లి సెప్టెంబరుకు పదహారేళ్లు నిండుతాయి. ఈ సంగతి హోలిస్ ఎవరితోనూ అనలేదు. పెళ్లాంతో అసలే అనలేదు. మెర్లీన్‌కు చెబితే ఆదివారం చర్చి మెట్లు దిగేలోపు ఊరందరికీ తెలిసిపోతుంది.

జులైలో అల్రిక్ ఫోన్ చేశాడు.

"ఒరేయ్ హోలిస్, ఆగస్టు సెలవులకు అందరం వస్తున్నాం. మా అమ్మాయి కెజియాకు కొడుకు పుట్టాడు, తెలుసుగా? మనింట్లోనే ఉంటాం. నేల మీద దుప్పట్లేసుకుని పడుకుంటాంలే."

హోలిస్ మనసులో సెప్టెంబరుకు రోజులు లెక్కపెట్టుకున్నాడు. గొంతులో మాత్రం తేనె పోసుకున్నాడు.

"పసిబిడ్డతో ఈ కొంపలో ఎందుకన్నయ్యా? దోమలు పీక్కుతింటాయి. క్రౌన్ పాయింట్‌లో మంచి హోటల్ ఉంది. ఖర్చు నాది."

"నీదా? ఇంతకీ హోలిసేనా మాట్లాడేది?" అల్రిక్ పగలబడి నవ్వాడు.

క్రౌన్ పాయింట్ అంటే దీవికి ఆ చివర. మధ్యలో కడుపు తిప్పేసే కొండదారి. హోలిస్ తన పడవ ఇంజను అమ్మి గదులు తీసుకున్నాడు. ఆ తర్వాత వారం మొత్తానికీ పథకం వేశాడు. చుట్టాలను ఒక్కపూట ఖాళీగా ఉంచితే చాలు, 'పద, ఇల్లు చూసొద్దాం' అంటారు. అందుకని ఊపిరి తీసుకోనివ్వకూడదు. అద్దె పడవలో పగడపు దిబ్బలకు తిప్పాలి. సముద్రం మధ్యలో నడుములోతు నీళ్లలో ఈత కొట్టించాలి. స్టోర్ బే తీరంలో పీతల కూర, పిండి ఉండలు కళ్లు మూతలు పడేదాకా తినిపించాలి.

మెర్లీన్ విస్తుపోయింది.

"మీ అన్న పేరెత్తితే ఉమ్మేసేవాడివి. ఇప్పుడీ మర్యాదలేంటి? ఎండదెబ్బ గానీ తగిలిందా?"

"ఎంతైనా రక్తసంబంధం" అన్నాడు హోలిస్.

పాపం, ఆమె కళ్లు తుడుచుకుంది.

వాళ్లు వచ్చారు. హోలిస్ అద్దె వ్యాను పెట్టుకుని నీడలా వెంట తిరిగాడు. ఆర్గైల్ జలపాతం చూద్దామన్నారు. అది ఊరికి వెళ్లే దారిలో ఉంది. "రోడ్డు కొట్టుకుపోయింది" అన్నాడు. అత్తగారి సమాధి మీద పూలు పెడతానంది వదిన. "మీ పేరు చెప్పి నేనే పెట్టేశాను" అన్నాడు. అల్రిక్ దేనికీ ఎదురు చెప్పలేదు.

గురువారం పొద్దున అల్రిక్కే అడిగాడు.

"ఇవాళంతా చేపలవేటకు పోదాంరా. నువ్వు లేకపోతే నాకు గాలం కట్టడం కూడా రాదు. కెజియా రాదులే, బిడ్డకు సముద్రగాలి పడదు."

హోలిస్ మెర్లీన్‌ను హోటల్లో కెజియాకు తోడుంచాడు. "బిడ్డను గది దాటనివ్వకు" అని గట్టిగా చెప్పి మరీ పడవెక్కాడు.

మధ్యాహ్నం దాకా అల్రిక్ గాలానికి ఒక్కటీ పడలేదు.

"ట్రినిడాడ్‌లో చేపలు డబ్బాల్లోనే ఈదుతాయా అన్నయ్యా?"

"అవున్రా. నీలా కంపు కూడా కొట్టవు."

ఇద్దరూ పొట్టలు పట్టుకుని నవ్వారు. చిన్నప్పుడు నవ్వినట్టే. ఒక్క క్షణం హోలిస్‌కు అన్న మీద జాలేసింది. వెంటనే దాన్ని మింగేశాడు. అంతలో అతని గాలానికి మూరెడు పైచిలుకు వంజరం పడింది.

"ఇవాళ రోజు నీదిరా!" అంటూ అల్రిక్ వీపు తట్టాడు.

శనివారం స్కార్బరో రేవులో అల్రిక్ తమ్ముణ్ని గుండెలకు హత్తుకున్నాడు.

"అంతా నువ్వే చూసుకున్నావు. నేను చిటికెనవేలు కూడా కదపనక్కర్లేకపోయింది."

ఓడ కదిలింది. హోలిస్ చెయ్యి ఊపీ ఊపీ, అది కనుమరుగయ్యాక వ్యానులో కూర్చుని ఒక్కడే నవ్వుకున్నాడు. ఆ వారంలో అన్న ఊరి పొలిమేర కూడా తొక్కలేదు. కొండదారి పొడవునా పాటలు పాడుకుంటూ ఇల్లు చేరాడు.

పొద్దున్నే ఇంటికి వచ్చేసిన మెర్లీన్ పెరట్లో నీళ్లు పోస్తోంది. కొత్త కొబ్బరి మొక్క. చుట్టూ తెల్లరాళ్లు. తడిమట్టి.

"ఏంటది?"

"ముందే చెప్పొద్దన్నారు బావగారు, నువ్వు చూసి సంతోషపడాలట. గురువారం మీరు వేటలో ఉంటే కెజియా, నేను టాక్సీలో వచ్చాం. బాబు బొడ్డుతాడు ఎండబెట్టి దాచుకుంది, పిచ్చిది, తాతల మట్టిలోనే పాతి పైన కొబ్బరి మొక్క నాటాలని. నీ బొడ్డుతాడు పాతిన చెట్టు చూపిస్తే దానికి దణ్ణం పెట్టింది తెలుసా! పాస్టరు గారొచ్చి ప్రార్థన చేశారు. వీధి వీధంతా వచ్చింది."

హోలిస్ గుమ్మం మెట్టు మీద కూలబడ్డాడు.

"ఆ చోటు... ఎవరు చూపించారు?"

"ఇంకెవరు, నేనే," అంది మెర్లీన్ మురిసిపోతూ, "పాస్టరు గారితో అందరూ వినేట్టు చెప్పాను, సముద్రం వైపు ఎకరన్నర మా బావగారిదే, అక్కడే పాతండని!"