తొమ్మిదో నంబరు చేసిన నేరం

మేనేజర్‌గారి గదిలో టీలు చల్లారిపోయాయి. వాదన మాత్రం వేడిగానే ఉంది.

"ఆ గోల్ చెల్లదు. ఆఫ్‌సైడ్," అన్నాడు రూల్స్ బాబాయ్.

అకౌంట్స్ సెక్షన్‌లో అందరికంటే పెద్దాయన. ఫుట్‌బాల్ నియమాలన్నీ కంఠతా వచ్చు. జన్మలో బంతిని తన్నిన పాపాన మాత్రం పోలేదు.

"ఎందుకు చెల్లదు బాబాయ్?" అంది ప్యాకింగ్ అక్క.

ఆ కంపెనీలో ఒక మంచి పద్ధతి ఉంది. ఏడాది చివరి వారం అకౌంట్స్, ప్యాకింగ్ సెక్షన్లలో ఒకదానికి సెలవు. రెండో సెక్షన్ గోడౌన్‌లో సరుకు లెక్క చూడాలి. సెలవు ఎవరికో తేల్చి ఒకరి దగ్గర చెడ్డవడం మేనేజర్‌గారికి ఇష్టం లేదు. అందుకని ఫుట్‌బాల్‌కి వదిలేశారు. గెలిచినవాళ్ళు ఇంటికి, ఓడినవాళ్ళు గోడౌన్‌కి. స్కోరు సమమైతే పోయినేడాది గెలిచినవాళ్ళకే సెలవు. అంటే అకౌంట్స్ వాళ్ళకే.

ప్యాకింగ్ అక్క చెల్లెలికి నెలలు నిండాయి. తల్లి లేని పిల్ల. పురిటికి పక్కన ఉండడానికి అక్క తప్ప ఎవరూ లేరు. ఆట చివర్లో తమ తొమ్మిదో నంబరు గోల్ కొట్టగానే, "వచ్చేస్తున్నానే" అని ఫోన్ కూడా చేసేసింది.

బాబాయ్ తన ఫోన్ ముందుకు తోశాడు. ఫొటో మీద ఎర్ర గీత గీసి ఉంది.

"బంతి అందించిన క్షణాన మీవాడి కాలు మా ఆఖరి డిఫెండర్ కన్నా ముందుంది. చూడమ్మాయ్, వేలెడు."

"ఫొటో వంకరగా తీశారు. గీత మీరే గీశారు."

"ఇప్పుడు లోకమంతా గీతలే గీస్తోంది. భుజం దాటినా ఆఫ్‌సైడే. చేతులు మాత్రం లెక్కలోకి రావు."

"మావాడి చేతుల సంగతి ఇప్పుడెవరు అడిగారు?"

మేనేజర్‌గారు గంభీరంగా తల ఊపారు. ఆయన తల ఊపారంటే అర్థమైందని కాదు.

"సార్, మావాడు ముందుకి పరిగెత్తే రకం కాదండీ. ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాడు. మీకూ తెలుసు."

"అదే కదా నేరం!" బాబాయ్ అందుకున్నాడు. "గోల్ ముందే కాపు కాస్తాడు. వెనక్కి రమ్మను, వస్తాడేమో చూద్దాం!"

"రాడు."

"చూశారా సార్, ఎంత పొగరో! మా డిఫెండర్లని చూడండి. ఒకడు కదిలితే రెండోవాడూ కదులుతాడు. అదీ క్రమశిక్షణంటే."

"ఆ బంతి మీ డిఫెండర్ కాలికి తగిలే మావాడి దగ్గరికొచ్చింది. డిఫెండర్ తన్నితే ఆఫ్‌సైడ్ ఉండదని పోయినేడాది మీ గోల్ నిలబెట్టుకున్నారుగా?"

"కావాలని తన్నాలమ్మా. ఊరికే తగిలితే చాలదు. ఉద్దేశం ముఖ్యం. ఇది ఆధునిక ఫుట్‌బాల్. ఏ ఏడాది వ్యాఖ్యానం ఆ ఏడాదిదే."

"అయితే ఉద్దేశం ఏమిటో మీ డిఫెండర్‌నే పిలిచి అడుగుదాం."

గదిలో ఎవరూ నవ్వలేదు.

మేనేజర్‌గారు గొంతు సవరించుకున్నారు. "ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కాబట్టి గోల్ రద్దు, స్కోరు సమం. హద్దు మీరినందుకు తొమ్మిదో నంబరు మీద మూడు మ్యాచ్‌ల నిషేధం. ఈరోజే అమలు చేయండి."

"మనసులో పెట్టుకోకమ్మాయ్. రూలంటే రూలే," అని ఓదార్చి, బాబాయ్ బట్టలు సర్దమని చెప్పడానికి ఇంటికి ఫోన్ కలిపాడు.

ప్యాకింగ్ అక్క బయటికొచ్చి చెల్లెలికి ఫోన్ చేసింది.

"నేను రాలేనే."

"అదేంటక్కా! ఏమైంది?"

"మావాడి కాలు వేలెడు ముందుందట."

ఫోన్ పెట్టేసి, కళ్ళు తుడుచుకుని, స్క్రూడ్రైవర్ పట్టుకుని, భోజనాల గదిలో మూలనున్న ఫుట్‌బాల్ ఆట బల్ల దగ్గరికెళ్ళి, ఇనప కడ్డీకి బిగించి ఉన్న తొమ్మిదో నంబరు చెక్కబొమ్మని ఊడదీసింది.