ఎర్ర నక్షత్రం గోడ

హాషిం ఉస్తా గునపం ఎత్తాడో లేదో, వెనకనుంచి కేక.

"ఆపు! ఆ గోడ మీద గునపం పడిందా, ఊరుకోను!"

చూస్తే పులాత్. పత్తి గోదాము కావలివాడు. వంకర దవడ, ఒంటికన్ను, చేతిలో ఊరంతా ఎరిగిన కర్ర.

కొంగల మసీదును ఎర్రజెండా సర్కారు పత్తి గోదాము చేసి యాభై ఏళ్లు దాటింది. నిరుడు ఆ సర్కారే కూలింది. మసీదు మళ్లీ ఊరి చేతికొచ్చింది. బాగుచేసే పని తాపీమేస్త్రీ హాషిం ఉస్తాకు అప్పజెప్పారు. పత్తి పోయింది గానీ పులాత్ మాత్రం వాకిలి పక్క గది వదల్లేదు. యుద్ధం ముగిశాక ఎక్కడినుంచో ఊడిపడ్డాడు, ఇక్కడే పాతుకుపోయాడు.

"నువ్వు ఊరుకోకపోతే ఎవడిక్కావాలి? తప్పుకో."

"ఉస్తా, మిహ్రాబు ఈ గచ్చు కిందే ఉంది. నీళ్లతో తడుపు, చేత్తో గీకు. గునపం మాత్రం వద్దు."

హాషింకు నవ్వూ వచ్చింది, ఒళ్లూ మండింది.

మక్కా వైపు గోడలో నీలి పలకల గూడు, అదీ మిహ్రాబు. ఎడారి దాటొచ్చినవాడు దాని ముందు నుదురు నేలకానిస్తే దాహం తీరేదని మా ముసలమ్మలు చెబుతారు. దాన్ని పగలగొట్టింది ఈ పులాతే. పగలగొట్టానని నలుగురిలో తనే చెప్పాడు. బండెడు పెంకులు తీసుకెళ్లి జరఫ్షాన్ కాలవలో పోశాడు. గోడకి గచ్చు మెత్తి, పైన ఎర్ర నక్షత్రం వేశాడు.

"పగలగొట్టానన్నావుగా?"

"అబద్ధం చెప్పాను. పగలగొట్టమని పైనుంచి హుకుం వచ్చింది. పాడుబడ్డ స్నానశాల పెంకులు బండికెత్తి వాళ్ల కళ్లు కప్పాను."

"అప్పుడు అబద్ధమాడావా, ఇప్పుడాడుతున్నావా?"

"అల్లా మీద ఒట్టు..."

"ఆ పేరు నీ నోట రానీకు!" హాషిం ఆ కర్ర వైపు వేలు చూపాడు. "మా నాన్న నమాజుకొస్తే ఈ కర్రతోనే నుదురు పగలగొట్టావు. చచ్చేదాకా ఆ మచ్చ పోలేదు."

"ఆ పూట నమాజుకొచ్చేవాళ్లను పట్టుకుపోడానికి లోపల పట్నం పోలీసులు కూర్చునున్నారయ్యా. నేను కొట్టి తరమకపోతే మీ నాన్న వాళ్ల లారీ ఎక్కేవాడు."

"కథలు బాగానే అల్లుతావు."

ముసలివాడు కర్ర పక్కన పెట్టాడు.

"ఉస్తా, నేనెవరో తెలిస్తే నువ్వు..."

"నువ్వెవరో ఊళ్లో కుక్కలక్కూడా తెలుసు. పో అవతలికి!"

రెక్క పట్టుకుని వాకిలి దాకా ఈడ్చాడు.

పులాత్ మళ్లీ వచ్చి ఆ గోడకే వీపు ఆనించి కూర్చున్నాడు. మళ్లీ ఈడ్చారు. మళ్లీ వచ్చాడు. విసిగిపోయి హాషిం పక్క గోడల పని చూసుకున్నాడు. మూడు రోజులు. ఎముకలు కొరికే చలి. రొట్టె ముక్క ఇచ్చిన పుణ్యాత్ముడు లేడు.

నాలుగో పొద్దున చూస్తే, కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

జనాజాకు పట్టుమని పదిమంది రాలేదు. కొత్తగా చదువు ముగించుకొచ్చిన ఇమాము, ఆనవాయితీ ప్రకారం అందరివైపు తిరిగి అడిగాడు.

"చెప్పండి, ఈయన ఎలాంటి మనిషి?"

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. మా ఊళ్లో దొంగ పోయినా, పెళ్లాన్ని బాదే తాగుబోతు పోయినా "మంచివాడు" అనే అంటాం. ఆ ఒక్క మాట చెవినబడితేనే మనిషిని మట్టి చల్లగా తీసుకుంటుందని నమ్మకం.

ఇమాము మూడుసార్లు అడిగాడు.

మహల్లా పెద్ద తుర్సున్ గడ్డం నిమురుకున్నాడు. హాషిం తన బూట్లవంక చూసుకున్నాడు. దాచడమెందుకు, అతనికి కడుపు చల్లబడింది కూడా.

మర్నాడు గునపం వేశాడు.

రెండో పోటుకే గచ్చుతో పాటు నీలి ముక్కలు రాలాయి.

హాషిం గబుక్కున వంగి చూశాడు. గునపం అవతల పారేసి నీళ్లు తెప్పించాడు. తడిపాడు, చేత్తో గీకాడు. పదకొండు రోజులు పట్టింది. ఒక్కో పలక మీదా పల్చటి గుడ్డ, పిండి జిగురుతో అతికించి ఉంది. గుడ్డ ఊడదీస్తే, కింద పలక నిన్న కాల్చినట్టుంది. గూడంతా చెక్కుచెదరలేదు, పైన అల్లా పేరు రాసిన చోట హాషిం గునపం దిగిన మేర తప్ప.

ఊరు ఊరంతా విరగబడింది. తుర్సున్ భోరుమన్నాడు.

"ఇదంతా మన ఇమాము నేమతుల్లా మహిమ!"

పంతొమ్మిదివందల ముప్పై ఏడులో మసీదు మూయించినప్పుడు లారీ ఎక్కించుకుపోయిన కుర్ర ఇమాము నేమతుల్లా. ఊరికొచ్చి ఆరు నెలలైనా కాలేదట. ఆ పోవడం పోవడమే. ఇప్పటికీ మా ఊళ్లో ఇంటికొక మగపిల్లాడికి ఆయన పేరే.

"దీన్ని కాపాడింది పులాత్" అన్నాడు హాషిం.

"వాడు గుడ్డ అంటిస్తే అంటించాడు. అంటింపజేసింది ఇమాముగారి దువా. శుభమా అని మిహ్రాబు దొరికిన రోజున ఆ పాపిష్టి పేరెందుకు ఉస్తా?"

హాషిం రాలిన నీలి ముక్కల్ని గుడ్డలో మూటగట్టాడు. చేతులు కాలాయి, ఇక ఆకులెందుకు?

అమరుడు ఇమాము నేమతుల్లా పేరు పాలరాతి మీద చెక్కించి వాకిట్లో నిలపాలని ఊరు తీర్మానించింది. పుట్టిన ఏడు దొరికింది. చనిపోయిన తేదీ కావాలని తాష్కెంటుకు, పాత ఖైదీల కాగితాలుండే కచేరీకి రాశారు.

రాయి నిలబెట్టే శుక్రవారం నాడే జవాబొచ్చింది. తుర్సున్‌కు కళ్లజోడు దొరకలేదు. హాషిమే అందరికీ వినబడేలా చదివాడు.

"పదేళ్ల శిక్ష ముగిసి, నలభై ఏడులో విడుదలయ్యాడు. మరణించిన తేదీ మా దగ్గర లేదు..."

అక్కడ ఆగిపోయాడు.

"చదవవయ్యా, ఆ తర్వాత ఎక్కడికెళ్లాడట మన ఇమాము?" అన్నాడు తుర్సున్.

హాషిం పెదాలు తడుపుకున్నాడు.

"పులాత్ అని పేరు మార్చుకుని, మీ ఊరి మసీదులోనే పత్తి గోదాముకు కావలివాడిగా చేరాడు."