ఎవరూ లేనివాడు

"నేనేదీ?" అని అడిగింది గొడుగులు బాగుచేసే ఆవిడ, ప్రదర్శన హాలు గోడ మీది ఫోటోకు ముక్కు ఆనించినంత పని చేసి.

ఫోటోలో ఆమె భర్త పేవ్‌మెంటు మీద కూర్చుని చెప్పు కుడుతున్నాడు. ముప్పై ఏళ్లుగా అతని పక్కనే ఆమె గొడుగులు బాగుచేస్తోంది. ఫోటో తీసిన రోజు కూడా అక్కడే ఉంది. ఇప్పుడా చోట ఖాళీ గోడే కనిపిస్తోంది. కింద పేరు రాసి ఉంది: 'ఎవరూ లేనివాడు'. తమ ఇద్దరి ఫోటో పెట్టారని ఆమె పొద్దున వీధి వీధంతా చెప్పి వచ్చింది.

"కంప్యూటర్లో తీసేశాను పిన్నీ," అన్నాడు ఫోటోగ్రాఫరు నసుగుతూ. "మనిషి ఒక్కడే ఉంటే చూసేవాళ్ల మనసు కరుగుతుంది. బాబాయిని అడిగే చేశాను."

ఆమె పక్కనే నిలబడ్డ భర్త వైపు తిరిగింది. అతను కొత్త చొక్కా గుండీ సవరించుకున్నాడు.

"ఫోటోలోనేగా. దానికింత రాద్ధాంతం దేనికే?"

అంతలో ఫోటో చూస్తున్న ఒక అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ అతని దగ్గరికి వచ్చింది.

"నిజంగా మీకెవరూ లేరా పెద్దాయనా?"

గొడుగులావిడ భర్త మొహంలోకి చూసింది. అతను తల దించుకున్నాడు.

"ఎవరూ లేరు తల్లీ."

"మరి ఈవిడ మీకేమవుతారు?"

అతను నోరు తెరిచేలోగా భార్యే జవాబిచ్చింది.

"పక్కన కూర్చుని గొడుగులు బాగుచేస్తానమ్మా. ఇన్నేళ్లూ ఇంకేదో అవుతాననుకున్నాను."