మిక్సీ సినిమాలో అమ్మ

“నాలుగు దినాలాయె. ఒక్క ముద్ద తిను నాయినా,” ఫెబా బతిమాలింది.

“మీ అమ్మ గొంతు ఒక్కసారి వినిపియ్యి బిడ్డా, తింట,” అన్నాడు దేవసహాయం.

భార్య సువార్తను సమాధి చేసి వచ్చినప్పటి నుంచి ఆయనది అదే మాట. ఆమె గొంతు ఏ ఫోనులోనూ లేదు. వెతగ్గా వెతగ్గా ఫెబాకు దొరికింది ఒక్కటే: నలభై ఏళ్ల కిందట ఒక మిక్సీ కంపెనీ గోదావరిఖని బొగ్గుగని కార్మికుల క్వార్టర్లలో తీసిన ప్రకటన సినిమా. అందులో అమ్మ మిక్సీ పక్కన నిలబడి నవ్వుతూ మాట్లాడుతోంది.

“అక్కలారా, ఇక రోలుతో పనిలేదు!” ఫోనులో పట్నం గొంతు పలికింది.

“ఇది సువార్త గొంతు కాదు.” ముసలాయన ముఖం తిప్పుకున్నాడు.

ఫెబాకు ఏడుపు ఆగలేదు. “మాటలు వేరేటోళ్లతోని చెప్పించిన్రు నాయినా. ఇగ నేనేడికెల్లి తేవాలె?”

ఆయన మళ్లీ తెర వైపు చూశాడు.

“సప్పుడు బంద్ చెయ్యి. బొగ్గుబావిల మిషన్ మోతల ముప్పై ఏండ్లు పెదవులు సూసే మాటలు పట్టిన.”

ఫోను మూగబోయింది. అమ్మ పెదవులు కదిలాయి. వాటితోపాటే ఆయన పెదవులూ కదిలాయి.

“ఏమంటంది నాయినా?”

“జల్ది తియ్యుండ్రి సారూ, మా ఆయన డ్యూటీ దిగే యాళ్లయింది, అన్నం పెట్టాలె అంటంది.”

చల్లారిన పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.