రావు గారి రసానుభవం

సంతోష్‌నగర్‌లో ఆ కాలనీ సంఘం గదులను కళలకు తప్ప దేనికీ అద్దెకివ్వరు. మొదటి గదిలో వాసవాంబ గారి వీణ క్లాసు. రెండో గదిలో భిక్షపతి వీడియో గేమ్.

గది అడగడానికి వచ్చినప్పుడు భిక్షపతి "రంగుల బొమ్మలు చూపిస్త సార్" అన్నాడు. చిత్రకళ కాబోలనుకుని కార్యదర్శి తాళంచెవి ఇచ్చేశాడు.

ఇప్పుడు ఆ బొమ్మలు పొద్దస్తమానం ఢాం ఢాం అని పేలుతున్నాయి. పక్కగదిలో వీణ వాయించేవాళ్ళకే వినపడటం లేదు. వాసవాంబ గారు ఫిర్యాదు చేశారు. కళ అయితే ఉండాలి, కాకపోతే ఖాళీ చెయ్యాలి. తేల్చడానికి సంఘం అధ్యక్షులు శ్రీహరిరావు గారు ఆవిడను వెంటబెట్టుకుని స్వయంగా వచ్చారు. ఆయన నాటక పోటీలకు న్యాయనిర్ణేత. రసం గురించి మొదలుపెట్టారంటే పక్కనున్నవాళ్ళు బస్సు వదులుకోవాల్సిందే.

భిక్షపతికి పొద్దుటి నుంచి ముద్ద దిగలేదు. కార్వాన్‌లో టీకొట్టు అమ్మేసి కొన్న మిషన్ అది. ఈ గది పోతే దాన్ని పెట్టుకోవడానికి ఇంకో చోటు లేదు. అతని భార్య నీలమ్మ మూలన స్టూలు మీద కూర్చుని కనపడని దేవుళ్ళందరికీ మొక్కుతోంది.

"ఇదేనా నీ కళ?" అన్నారు రావు గారు. తెర మీద చిన్న విమానం, దాని మీదకు దిగుతున్న శత్రువులు.

"అవ్ సార్. జర ఆగుండ్రి, నేను..."

"నువ్వేం నేర్పక్కర్లేదు. కళ అయితే దాని సంగతి అదే చెబుతుంది." ఆయన హ్యాండిల్ పట్టుకున్నారు.

విమానం ఎడమకు తప్పుకుంది. రావు గారూ ఎడమకు ఒరిగారు. శత్రువొకడు పేలిపోయాడు. రావు గారి కనుబొమలు లేచాయి. బటన్ మీద వేళ్ళు టకటకలాడాయి.

"సార్, ఒక్క నిమిషం..."

"ష్, మాట్లాడకు."

విమానం కూలింది. రావు గారు నిట్టూర్చారు. ఆట మళ్ళీ మొదలైంది. ఈసారి ఆయన కండువా తీసి వాసవాంబ గారి చేతికిచ్చారు.

"మీకు ముందే అలవాటుందాండీ?" ఆవిడ అనుమానంగా అడిగారు.

"లేదమ్మా. మృదంగం నేర్చిన వేళ్ళు కదా."

చివరికి చెమట తుడుచుకుంటూ వెనక్కి తిరిగారు. కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"అమ్మా, ఇది నేను ఆడినట్టే లేదు. ఏదో శక్తి ఆడించింది. నేను అన్నవాణ్ణి అక్కడ లేనే లేను. కళంటే ఇంకేమిటి?"

ముప్ఫై ఏళ్ళుగా వీణ వాయిస్తున్నా తనకలా ఎన్నడూ కాలేదని వాసవాంబ గారు చిన్నబోయి ఒప్పుకున్నారు. గది భిక్షపతికే ఖాయమైంది. ఇద్దరూ రసం గురించి మాట్లాడుకుంటూ వెళ్ళిపోయారు.

నీలమ్మ స్టూలు దిగింది.

"సార్ అంత మంచిగ ఆడుతుంటే నడుమ నడుమ నీ లొల్లి ఏంది?" అని మొగుణ్ణి కసిరింది.

భిక్షపతి పిడికిలి విప్పి రూపాయి బిళ్ళ చూపించాడు.

"ఇది వేద్దామని ఆగుమన్న, బిళ్ళ పడకుంటే మిషన్ దానంతటదే ఆడి చూపిస్తది, సార్ ఉత్తగనే హ్యాండిల్ తిప్పిండు."