తొట్టి ఎత్తని బండి

ట్రైలర్ అడుగున బెల్టు తిరుగుతూనే ఉంది. దాని మీద బంగాళాదుంపలు మాత్రం పెళ్ళివారిలా తీరిగ్గా కదులుతున్నాయి.

డ్రైవర్ కాలుగాలిన పిల్లిలా ట్రైలర్ చుట్టూ తిరుగుతున్నాడు.

పొద్దున్నే భార్యను కాన్పుకు ఆసుపత్రిలో చేర్చారు. ఈ లోడు దించితే గానీ కదలడానికి లేదు.

"ఇదేం బండి సార్! నా పాత టిప్పరైతే తొట్టి పైకెత్తి ఒక్కసారిగా కుమ్మరించేవాణ్ణి."

"ఈ గోడౌనుకు తొట్టి ఎత్తే బండ్లు రానివ్వరు. అడుగున బెల్టు ఉన్నవే రావాలి," అన్నాడు సూపర్‌వైజర్.

"రూల్సు పెట్టేవాళ్ళకేం సార్, ఏసీ గదుల్లో కూర్చుని పెడతారు!"

ఆయన నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు.

డ్రైవర్ అత్తగారికి ఫోన్ చేశాడు. ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. ఊహూ.



అప్పుడు కనిపించింది ఒకావిడ. చేతిలో సంచీతో ట్రైలర్ పక్కనే నిలబడి, రాలుతున్న దుంపల్ని సినిమా చూసినట్టు చూస్తోంది.

"ఏం కావాలమ్మా?"

"ఏం వద్దు బాబూ. ఊరికే చూస్తున్నా."

"దుంపలెప్పుడూ చూళ్ళేదా?"

ఆవిడ చిన్నగా నవ్వింది. "నెమ్మదిగా భలే దిగుతున్నాయి కదూ?"

పుండు మీద కారం చల్లినట్టయింది.

"అక్కడ నా పెళ్ళాం నొప్పులు పడుతోంది! మీకు నెమ్మది ముద్దొస్తోందా? పనీపాటా లేనివాళ్ళకు తొందరెందుకుంటుంది! వాచ్‌మన్, ఈవిణ్ణి బయటికి పంపించు. బెల్టులో కొంగు పడితే నా పీకల మీదికొస్తుంది!"

"అది కాదన్నా, ఆవిడ..."

"పంపిస్తావా, లేదా?"

వాచ్‌మన్ కదల్లేదు. ఆవిడే కదిలింది.

"నీకోసం చూస్తుంటుంది నాయనా. జాగ్రత్తగా వెళ్ళు," అని గేటు దాటింది.

ఆఖరి దుంపలు రాలుతుండగా ఫోన్ మోగింది.

"ఆడపిల్ల అల్లుడూ! తల్లీబిడ్డా క్షేమం. నువ్వెక్కడని ఒకటే అడుగుతోంది."

డ్రైవర్ కళ్ళు తుడుచుకున్నాడు. మనసు తేలికపడ్డాక సిగ్గేసింది. పరుగున సూపర్‌వైజర్ దగ్గరికి వెళ్ళాడు.

"సార్, ఇందాక ఒకావిడ మీద నోరు పారేసుకున్నాను. ఎటు వెళ్ళిందో తెలుసా?"

"సంచీ పట్టుకున్నావిడా? ఊరు వదిలి అన్నగారింటికి వెళ్ళిపోతోందయ్యా. ఒక్కసారి చూసి పోతానంటే నేనే రమ్మన్నా. ఈపాటికి బస్సెక్కేసి ఉంటుంది."

"ఇక్కడ చూడ్డానికేముంది సార్?"

ఆయన బయటికొచ్చి వేలు పైకి చూపించాడు. యార్డు మీదుగా కరెంటు తీగలు పోతున్నాయి.

"వాళ్ళాయన కూడా నీలాగే టిప్పర్ డ్రైవర్. ఎత్తిన తొట్టి ఆ తీగకు తగిలి, ఇదిగో, ఇక్కడే పోయాడు."

డ్రైవర్ గేటు వైపు తిరిగాడు.

"ఇంకే ఇల్లాలికీ తన గతి పట్టకూడదని, టిప్పర్లు మానిపించి ఈ బెల్టు బండ్లు తెప్పించేదాకా, ఎండనకా వాననకా ఆ గేటు ముందు నుంచి లేవని మనిషి ఆవిడేనయ్యా!"